గుర్తు మీదే గుద్దాడు

అశోక్‌నగర్ బస్తీలో ఉండే మట్టిపని చెన్నయ్య పాలమూరు నుంచి వచ్చిననాటి నుంచీ ఒకే పార్టీకి ఓటేశాడు. తొంభై నాలుగులో ఆ పార్టీ, బస్తీ నల్లా పీకించిన పెద్దమనిషికే టికెట్టిచ్చింది. చెన్నయ్యకు ఒళ్లు మండిపోయింది.

"పార్టీకేస్త. వానికి మాత్రం ఎయ్య," అని భార్యకు తెగేసి చెప్పాడు.

బ్యాలెట్ కాగితం మీద వాడి పేరుకు సిరా అంటకుండా, పక్కనున్న గుర్తు మీదే ముద్ర గుద్దాడు. బయటికొచ్చి ఆ సంగతి పార్టీ కార్యకర్తకు చెప్పాడు.

కార్యకర్త నవ్వాడు. "యాడ గుద్దినా ఆయనకే పడతది, చెన్నన్నా. పార్టీకి వేరే ఓటుంటదా?"

"మరి ఇన్నేండ్లు మనిషిని చూడకు, గుర్తు చూడమని ఎందుకు చెప్పిన్రు?"

చెన్నయ్య ఇంటికొచ్చి, రేకుల మీద తానే కట్టిన పార్టీ జెండాను పీకి, బస్తీలో మిగిలిన ఆ నల్లా గొట్టం నోట్లో కుక్కాడు.