ఊ తర్వాతి అక్షరం

"వచ్చే శనివారం 'ఎ' నేర్పిస్తాను" అని నేను ఒక మనిషికి మాట ఇచ్చాను. అప్పటికి నా తల మీద ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఆ శనివారం వెళ్లలేదు. ఆ తర్వాతి శనివారమూ వెళ్లలేదు. పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల ఆయన కూతురు.

"చాచా, అబ్బా పోయిండు. పొద్దుగాల చాయ్ తాగిండు, అఖ్బార్ సదివిండు, గట్లనే కుర్సీల ఒరిగిండు."

ఆ 'సదివిండు' అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ నాలుగు ముక్కలు నేను రాస్తున్నది దాని కోసమే.

ఆయన పత్తర్‌గట్టి వెనక గల్లీలో, గాజుల గోదాము మెట్ల కింద పుస్తకాలకు అట్టలు కట్టేవారు. అట్టకట్టును అక్కడ జిల్దు అంటారు కాబట్టి అందరికీ జిల్దు సాబ్. ముగ్గురు నిలబడితే నాలుగోవాడు గల్లీలో ఆగాల్సిన దుకాణం. లోపల మైదా జిగురు గిన్నె, సూదులు, నూలు దారం, ఇత్తడి అక్షరాల పెట్టె, మేకుకు వేలాడే గుడ్డ పీలికలు. పొద్దున్నే అఖ్బార్, అంటే ఉర్దూ పత్రిక, పైకి చదివేవారు. గోదాము హమాలీలు మెట్ల మీద కూర్చుని వినేవారు. బంధువులకు ఉర్దూలో ఉత్తరాలు రాసేవారు. హిందీ బోర్డులు చదివేవారు. తెలుగు మాట్లాడితే మా ఉప్పుగూడ వాళ్లే దిగదుడుపు. తెలుగు అక్షరాలు మాత్రం రావు. ఆయన దగ్గరికొచ్చే పుస్తకాల్లో సగానికి పైగా తెలుగువే.

ఆయనకొక పద్ధతి ఉండేది. చిరిగిన పుస్తకం చేతికిస్తే తిప్పి చూసి, ఒళ్లో పెట్టుకుని, ఒకటే అడిగేవారు. "ఎందుకు కట్టాలె?"

బాగుంటుంది కాబట్టి అంటే ఒప్పుకునేవారు కాదు. "బాగుంటదని బిర్యానీని గూడ అంటరు. నీకెందుకు ఇష్టం, గది చెప్పు." చెప్పేదాకా సూదికి దారం ఎక్కేది కాదు. చెప్పినదాన్ని బట్టి గుడ్డ రంగు ఎంచేవారు. పుస్తకాల్లో కథ తెలిసిన వాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. ఎవరికి ఏ పుస్తకం ఎందుకు ఇష్టమో తెలిసిన మనిషి ఆయనొక్కరే.

ఉప్పుగూడ నుంచి ఒక ఆసుపత్రి నర్సమ్మ వచ్చేది. ఆమె చేతిలో ఎప్పుడూ ఒకటే నవల, మూడుసార్లు కట్టించింది. మొదటిసారి అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఎందుకంటే గీ కథల ఎవ్వరు చావరు సాబ్. డ్యూటీల రోజు జూస్త. ఇంటికొచ్చి గూడ గదే సదవాల్నా?"

జిల్దు సాబ్ లేచారు. పైనున్న పీలికలన్నీ దించి, పిల్లల గౌనుకు వాడే పువ్వుల గుడ్డ వెతికి తీశారు.

ఇంకొకాయన పప్పుల టోకు వ్యాపారి. ఆయనది అపరాధ పరిశోధన నవల, ఆఖరి పేజీ లేదు. "పేజీ లేదనే ఇష్టం భాయ్. ఎవడు చంపిండో రోజుకొక తీరుగ అనుకుంట. నిన్న మా బామ్మర్ది మీద పెట్టిన." జిల్దు సాబ్ పడీపడీ నవ్వి, ఆ పుస్తకం చివర ఒక ఖాళీ కాగితం కలిపి కుట్టారు. "సేఠ్, తెలిసినంక గిండ్ల రాసుకో. మీ బామ్మర్దికి మాత్రం సూపియ్యకు."

ఇదే ఊళ్లో మా సాహిత్య సంఘం కూడా ఉంది. అదీ ఏటా 'నాకు నచ్చిన పుస్తకం' అని సభ పెడుతుంది. నలభై ఏళ్లు వెళ్లాను కాబట్టి అధికారంతోనే చెబుతున్నాను: అక్కడ ఎవరూ తమకు నచ్చిన పుస్తకం గురించి మాట్లాడలేదు. నచ్చిందని చెబితే గౌరవం పెరిగే పుస్తకాల గురించి మాట్లాడారు. మా అధ్యక్షుడు ఏటా ఒకే లావుపాటి గ్రంథాన్ని పొగుడుతాడు. కాలేజీలో నాతో చదివినవాడు, నా స్నేహితుడు. ఆ గ్రంథంలో సగం పేజీలు ఇప్పటికీ ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయని నాకు తెలుసు. నేనూ తక్కువ తినలేదు. ఇతరులకు నచ్చిన పుస్తకాలను తిట్టడమే నా సాహిత్యసేవ.

అధ్యక్షుడు ఒకసారి ఆ గ్రంథాన్ని జిల్దు సాబ్ దగ్గరికి తెచ్చాడు. అతన్ని వెంటబెట్టుకుని వెళ్లింది నేనే.

"ఎందుకు కట్టాలె సార్?"

"ఇది మహత్తరమైన గ్రంథం."

"గది ఊరోళ్లు చెప్పే మాట. మీరేం చెప్తరు?"

అధ్యక్షుడి ముఖం నల్లబడింది. పుస్తకం లాక్కుని గల్లీలోకి వెళ్లిపోయాడు. ఆ అవమానాన్ని అతను మరిచిపోలేదు.

జిల్దు సాబ్ పుస్తకం వెన్ను మీద పేరు అద్దేవారు. తెలుగు అక్షరాలను ఆకారం చూసి, పెట్టెలోంచి దానికి సరిపోయే ఇత్తడి అచ్చు తీసి వరసగా పేర్చేవారు. ఒకరోజు మా సంఘం కవి ఒకాయన పుస్తకానికి 'వాన' అని ఉండాల్సిన చోట 'పాన' అని పడింది. వ, ప ఆయన కంటికి కవల పిల్లలు. కవి గల్లీ అంతా వినిపించేలా లొల్లి చేశాడు. జిల్దు సాబ్ ఆ గుడ్డ ఊడదీసి కొత్తది వేశారు. కవి వెళ్లాక నా వైపు చూశారు.

"సార్, నాకు తెలుగు నేర్పిస్తరా?"

నేర్పిస్తానన్నాను. శనివారానికొక అక్షరం. అంతకంటే వేగం ఆయనకే వద్దు. ఆ అక్షరం ఉన్న పుస్తకాలన్నీ వారమంతా వెతికి, దాని మీద వేలు పెట్టి పలకరించాకనే రెండోది కావాలనేవారు. అట్ట ముక్క మీద నేను రాశాను: అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ. ఆరు శనివారాలు గడిచాయి.

"దీని తర్వాత రెండు పెద్దగా వాడకం లేనివి. అవి వదిలేసి వచ్చే వారం 'ఎ' నేర్పిస్తాను" అన్నాను.

"ఎందుకు అన్న మాట దాంతోనే మొదలైతది గద సార్?"

"అవును."

"అయితె గదే నాకు కావాల్సింది."

ఏడో శనివారం అఆల పుస్తకం చేతిలో పట్టుకుని గల్లీలోకి తిరుగుతుంటే అధ్యక్షుడు ఎదురొచ్చాడు. వెనక సంఘం వాళ్లు ఇద్దరు.

"ఏందిరా, జిల్దోనికి ట్యూషన్ చెప్తున్నవంట? రేపు చాయ్ హోటలోనికి ఛందస్సు చెప్తవా?"

ముగ్గురూ నవ్వారు. నేను పుస్తకాన్ని సంచిలోకి తోసి, "లేదు లేదు, వేరే పని మీద వచ్చిన" అన్నాను. వాళ్లతో పాటే వెనక్కి నడిచాను. జిల్దు సాబ్ దుకాణం అక్కడికి పది అడుగులు. ఆయన విన్నారో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ తర్వాత కూడా ఆ దుకాణానికి వెళ్తూనే ఉన్నాను. ఆయన పాఠం ఊసెత్తలేదు. అట్ట ముక్క మాత్రం మేకుకు వేలాడుతూనే ఉంది. 'ఊ' కింద జానెడు ఖాళీ. సిగ్గుపడాల్సింది పోయి, నేను ఆయన మీద సంఘం సంచికలో ఒక వ్యాసం రాశాను. 'అక్షరం ముక్క రాని చేతులు అక్షరాలకు బట్టలు తొడుగుతున్నాయి' అని మొదలుపెట్టాను. సభలో చప్పట్లు కొట్టారు. నేను కూడా లోపల కొట్టుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత నేను ఇంట్లో దాచుకున్న పుస్తకం ఒకటి తీసుకెళ్లాను. అట్టలు, మొదటి పేజీలు ఊడిపోయిన సన్నని నవల. "ఎందుకు కట్టాలె?" అన్నారు. ఎవరికీ చెప్పుకోలేని పుస్తకం అది. అలాంటి నవలలను నేనే 'వంటింటి చెత్త' అని పత్రికల్లో ఏకిపారేసినవాణ్ని.

"ఫికర్ లేదు సార్. చెప్పబుద్ధి అయినప్పుడే చెప్పు. అందాక నా దగ్గరుంటది" అని పై అరలో పెట్టారు. తర్వాత నా మోకాళ్లు మొరాయించాయి. పత్తర్‌గట్టి దూరమైంది.

పోయిన ఆదివారం పురానాపూల్ దగ్గర చిన్న హాలులో మా సంఘం ఆయనకు సంతాప సభ పెట్టింది. కుర్చీ కుర్చీకీ ఒక అచ్చు కాగితం. 'నిరక్షరాస్యుడై ఉండి కూడా అక్షరానికి ఆయుష్షు పోసిన శ్రామికుడు' అని ఉంది. కింద అధ్యక్షుడి పేరు. అతను మైకు ముందు ఉండగానే లేచి నిలబడ్డాను.

"ఈ మాట తియ్యాలె."

"ఏ మాట?"

"నిరక్షరాస్యుడు. ఆయన పోయిన పొద్దు గూడ అఖ్బార్ సదివిండు. నీకు ఉర్దూ వస్తదా?"

"రాదు."

"మరి ఆయన లెక్కల నువ్వెవరు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షుడికి కోపం రాలేదు. సంచిలోంచి పాత సంచిక తీశాడు. ఏదీ పారేయడు అతను. "జర కూసో పెద్దమనిషి. నువ్వు రాసిందే కొంచెం సుద్దం జేసి ఏసిన. సూడు, నీ పేరే ఉన్నది."

చూశాను. ఉంది.

"రాసింది నేనే. కొట్టేసేది గూడ నేనే."

మిగిలిన కాగితాల కట్ట బల్ల మీద నుంచి లాక్కుని, ముందు వరసలో కూర్చుని, జేబులోంచి పెన్ను తీశాను. ఒక్కొక్క కాగితం మీద ఆ మాటను కొట్టేయడం మొదలుపెట్టాను. "టైమైతున్నది" అన్నాడు అధ్యక్షుడు. "కానియ్యి. నలభై ఏండ్లు నీ మాటలు ఇన్నరు. జరసేపు నా గీతలు సూస్తరు" అన్నాను. పక్కనుంచి ఒక ముడతల చెయ్యి తన కాగితం చాపింది. "అన్నా, నాది గూడ కొట్టెయ్యి." నర్సమ్మ. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు ఇచ్చారు. ఇవ్వని వాళ్లు ముగ్గురో నలుగురో. వాళ్లెవరో నాకు తెలుసు.

కట్ట అయిపోయేసరికి ఆయన కూతురు ముందుకొచ్చింది. ఇప్పుడు దుకాణం ఆ అమ్మాయిదే. చేతిలో పత్రికలో చుట్టిన నా నవల.

"చాచా, అబ్బా కట్టలే. సార్ ఎందుకో చెప్పినంకనే కట్టు అన్నడు." నా పక్కన కూర్చుని అంది. "నేను బడిల తెలుగు సదివిన. నేర్పిస్త అబ్బా అన్న. వద్దన్నడు. మాట ఇచ్చినాయన ఉన్నడు గద, నడిమిట్ల నువ్వు నేర్పితె ఆయన ఇజ్జత్ ఏం గావాలె అన్నడు."

అంతమంది ముందు, మైకు అడగకుండా, ఆ అమ్మాయికి చెప్పాను. మా అమ్మకు నిజంగానే ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. ఉప్పుగూడలో మా ఇంటి గడప దగ్గర కూర్చుని కొట్లవాళ్ల కందిపప్పు ఏరేది. నేను ఈ నవల పైకి చదవాలి. ఇందులో ఒక వంటమనిషి ఉంటుంది. యజమాని అన్నానికి వంక పెట్టిన రోజున పళ్లెం ఆయన ముందే బోర్లించి, కొంగు దులుపుకుని వెళ్లిపోతుంది. అక్కడికొచ్చేసరికి అమ్మ, "గా ముక్క మల్ల సదువు బిడ్డా" అనేది. పేజీ ఎక్కడుందో వేలితో చూపించేది కూడా. అరవై ఏళ్లుగా ఆ వేలి పసుపు మరక అక్కడే ఉంది. నేను చదివిన పుస్తకాలకు ఒక గది సరిపోదు. నాకు ఇష్టమైనది ఇది. ఎందుకంటే, మా అమ్మ చదివిన పుస్తకం ఇదొక్కటే.

చప్పట్లు లేవు. అధ్యక్షుడు వాచీ చూసుకున్నాడు.

నిన్న పుస్తకం ఇంటికొచ్చింది. పసుపు పచ్చని గుడ్డ, మూలల్లో ఎర్రంచు. పేరున్న పేజీ ఎప్పుడో పోయింది కదా, వెన్ను మీద ఏం అద్దాలని ఆ అమ్మాయి ఫోనులో అడిగితే ఒక అక్షరం చెప్పాను. నా ఒళ్లో ఉన్న పుస్తకం మీద బంగారు రంగులో అదొక్కటే మెరుస్తోంది: ఎ. దుకాణంలో ఆ అట్ట ముక్క ఇంకా మేకుకే ఉందట, 'ఊ' కింద ఖాళీతో.

ఇలాంటివి రాసేవాళ్లు చివర తప్పంతా తమ నెత్తిన వేసుకుని దండం పెడతారు. నా వాటా పైన రాశాను, ఒక్క ముక్క దాచలేదు. జిల్దు సాబ్ బతికుంటే అందరినీ క్షమించి చాయ్ తెప్పించేవారు. అది ఆయన గుణం, నాది కాదు. ఆ గల్లీ మలుపులో నన్ను చూసి ఎవరు నవ్వారో నాకు గుర్తుంది. ఆయనకు రావాల్సిన ఆ ఒక్క అక్షరం ఆ నవ్వు దగ్గరే ఆగిపోయింది. నేను ఇప్పటికీ తప్పుపట్టే మనిషి ఒకడే: మా అధ్యక్షుడు.