కొండ దిగడానికి నలభై నిమిషాలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతి నుంచి నేను రాస్తున్న డైరీలలో సగానికి సగం నా సంగతులు కావు. లెక్కల పుస్తకంలోని మనుషుల సంగతులు.

ఉదయం ఆరింటికి గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో ఒకాయన ఊరి నుంచి బయల్దేరతాడు. రెండు గంటల తర్వాత అదే ఊరి నుంచి, అదే దారిలో, ఇంకొకాయన గంటకు అరవై వేగంతో వస్తాడు. ఇద్దరూ ఎప్పుడు కలుస్తారు? క్లాసులో అందరూ మధ్యాహ్నం పన్నెండు అని తేల్చి, జవాబు కింద రెండు గీతలు గీసి, పేజీ తిప్పేసేవాళ్లు. నాకు అసలు పని అప్పుడే మొదలయ్యేది. సరిగ్గా పన్నెండింటికి, రెండు వందల నలభయ్యో కిలోమీటరు దగ్గర కలిశారంటే అది భోజనాల వేళ కదా. కాబట్టి అక్కడ నేనొక హోటలు పెట్టాను. పప్పు, రసం, అరిటాకు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మొదటాయన వడ్డించినదంతా నిదానంగా తినేవాడు. రెండో ఆయన గబగబా తినేసి చెయ్యి కడుక్కునేవాడు. అంతా బాగానే ఉండేది కానీ, ఈ రెండో ఆయన రెండు గంటలు ఆలస్యంగా ఎందుకు బయల్దేరాడన్నది మాత్రం నాకు ఏనాడూ తెగలేదు. డైరీల్లో మొత్తం పద్నాలుగు కారణాలు రాశాను. ఒక్కటీ నచ్చలేదు.

ఇలాంటివి రాసుకునే మనిషి బయట ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. డిగ్రీ మూడేళ్లలో నేను క్లాసులో చెయ్యెత్తింది ఒక్కసారి, అదీ ఫ్యాను ఆపమని అడగడానికి. బీఈడీలో ట్రైనింగు క్లాసులు నోట్సులో చూసి చదివి గట్టెక్కాను. అయినా టీచరు కావాలని నాకు పిచ్చి. నలభైమంది పిల్లల ముందు నిలబడి, నా ఇద్దరు ప్రయాణికుల గురించి ఒక్కసారైనా పైకి మాట్లాడాలని. ఇన్నేళ్లూ వాళ్లను నోట్లోనే ఉంచుకుని తిరుగుతున్నాను మరి.

మా వీధి చివర బడిలో ఎనిమిదో తరగతి లెక్కలకు ఒక్క ఖాళీ వచ్చింది. అదే వారంలో మా పెద్దమ్మ కూతురు శ్రీ సిటీ నుంచి ఫోన్ చేసి, తను పనిచేసే ఫ్యాక్టరీలో నాకు కూడా పని చూసినానని, శుక్రవారంలోగా ఏ సంగతో చెప్పమని అంది. అమ్మకు అది నచ్చింది. అక్క అక్కడ సంతోషంగా ఉంది, బస్సు ఇంటి దగ్గరికే వస్తుంది, మాట్లాడాల్సిన పని అంతగా ఉండదు, నీకు సరిగ్గా సరిపోతుంది అని అమ్మ వాదన. మాట్లాడే పని లేకపోవడమే నా కష్టమని అమ్మకు చెప్పాలంటే మళ్లీ మాట్లాడాలి. అందుకని బడి వాళ్లు గురువారంలోగా ఏదో ఒకటి తేలుస్తారు, అప్పటిదాకా ఆగమని చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

సోమవారం డెమో క్లాసు. ఏ పాఠం చెప్పాలో హెడ్మిస్ట్రెస్ గారే చెప్పారు: వేగం, దూరం, కాలం. విని నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నలభై నిమిషాల పీరియడ్. ఆమె చివరి బెంచీలో కూర్చున్నారు. నేను సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగాను. ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ సరిగా గుర్తు లేదు. సూత్రం చెప్పాను, కిలోమీటర్లను మీటర్లలోకి మార్చాను, రెండు రైళ్లను ఎదురెదురుగా దాటించాను, పడవను ఏటికి ఎదురీదించాను, సగటు వేగానికి కూడా సూత్రం రాసేశాను. వెనక్కి తిరిగేసరికి పిల్లల్లో కొందరు ఇంకా పెన్ను మూతలు తీస్తున్నారు. గోడ గడియారం చూశాను. పదకొండు నిమిషాలు.

"అయిపోయిందా మా?" అని చివరి బెంచీలోంచి అడిగారు హెడ్మిస్ట్రెస్ గారు.

అయిపోయిందన్నాను. మిగిలిన ఇరవై తొమ్మిది నిమిషాలు ఏం చేయాలో తెలియక డస్టరుతో బోర్డు తుడవడం మొదలుపెట్టాను. తుడిచిందే తుడిచాను. క్లాసు అయ్యాక ఆమె నన్ను వరండాలోకి పిలిచి, కోపం లేకుండానే అన్నారు: "నువ్వైతే ఊరు చేరిపోయినావు. పిల్లోళ్లు ఇంకా బస్సెక్కలా." గురువారం ఇంకోసారి రమ్మన్నారు. అదే పాఠం, అదే క్లాసు. అదే ఆఖరు అని కూడా చెప్పారు.

ఇంటికి వచ్చి నాయనకు చెబితే పడీ పడీ నవ్వాడు. మా నాయన కారు డ్రైవరు. యాత్రికులను తిరుమల కొండ మీదకు తీసుకెళ్లి దింపుతాడు. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు. బుధవారం మధ్యాహ్నం పైకి ఒక ఫ్యామిలీ ఉందని, దిగేటప్పుడు బండి ఖాళీ అని, నలభై నిమిషాలు నీదేనని, బండిలో కూర్చుని పాఠం చెప్పమని అన్నాడు.

మా ఊళ్లో ఈ నలభై నిమిషాల గురించి చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఘాట్ రోడ్డులో మలుపుల దగ్గర దూకుడుగా వస్తే ప్రమాదమని, కొండ దిగే బండి నలభై నిమిషాలకు ముందు కింద గేటు దగ్గరికి రాకూడదు. పైన ఎప్పుడు బయల్దేరిందో రాసి ఉంటుంది, కింద చూస్తారు. ముందే వస్తే జరిమానా. అంటే మా ఊళ్లో ఒక రోడ్డు రోడ్డంతా వేగం, దూరం, కాలం లెక్కే. మరి డ్రైవర్లు ఏం చేస్తారంటే, రాగలిగినంత వేగంగా వచ్చేసి, గేటుకు కాస్త ముందు చెట్ల కింద బండ్లు ఆపుకుని, మిగిలిన నిమిషాలు కబుర్లు చెప్పుకుంటారు. మా నాయన మాత్రం అక్కడ ఆగడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆగలేదని ఆయనకు మహా గర్వం. దారిలో ఆయనకు గుర్తులున్నాయి. రోడ్డు కింద వాననీళ్లు పోయే ఒక మోరీ దగ్గరికి వచ్చేసరికి పది నిమిషాలు కావాలి. ఒక పెద్ద రాయి దగ్గర ఇరవై. ఊరంతా ఒక్కసారిగా కనబడే మలుపు దగ్గర ముప్పై. బ్రేకు గట్టిగా తొక్కకుండా, యాక్సిలరేటరు మీద కాలు బరువు వేయకుండా, గేటు ముందుకు సరిగ్గా నలభైకి వస్తాడు. చెట్ల కింది డ్రైవర్లు ఆయన్ని చూసి గడియారం సరిచేసుకుంటున్నట్టు ఎగతాళిగా చేతులు పైకెత్తుతారు.

బుధవారం పైన యాత్రికులను దింపేసి తిరుగుముఖం పట్టాం. పిల్లలూ, ఈ రోజు మన పాఠం, అని మొదలుపెట్టాను. ఒకాయన ఉదయం ఆరింటికి గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో బయల్దేరాడు.

"యాడికి?" అన్నాడు నాయన.

అది లెక్కలో లేదు నాయనా, అన్నాను.

"లేకుంటే ఎట్లా? యాడికి పోతాడో తెలీకుండా నేనైతే బండి తియ్యను."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే నోరు జారి, హోటలు సంగతి చెప్పేశాను. డైరీ మాట ఎత్తలేదు, ఇప్పుడే తోచినట్టు చెప్పాను. అరిటాకు, రసం, ఎదురెదురుగా కూర్చోవడం. బండిలో మీటరు పనిచేయకపోతే గంటకు నలభై అని ఆయనకెలా తెలుస్తుందని నాయన అడిగాడు. రెండో ఆయన అరవైలో వచ్చినాడంటే కొత్త బండే అయి ఉంటుందన్నాడు. బిల్లు ఎవరు కట్టినారని అడిగాడు. నేను రైళ్లలోకి వెళ్లిపోయాను. తొమ్మిది సెకన్లలో ఒకదాన్నొకటి దాటిపోయే రెండు రైళ్లలో, ఒక కిటికీలోని అమ్మాయి ఎదుటి కిటికీలోని ముసలామెకు చెయ్యి ఊపితే, ఆమె తిరిగి ఊపేందుకు సమయం చాలుతుందా లేదా అని ఇద్దరం తగువు పడ్డాం. మోరీ వచ్చి వెళ్లింది. పెద్ద రాయి వెళ్లింది. ఊరు కనబడింది, మళ్లీ చెట్ల వెనక్కి పోయింది. నా జన్మలో అంతసేపు అంత గట్టిగా నేను మాట్లాడి ఎరగను.

చెట్లు కనబడ్డాయి. నాయన గడియారం చూసుకున్నాడు. ముప్పై ఆరు. నా మాటల వేగానికి ఆయన కాలు తెలియకుండానే బరువెక్కింది. ఇక వేరే దారి లేదు. ఇండికేటరు వేసి, బండి పక్కకు తీసి, మిగతావాళ్ల వెనకే ఆపాడు.

చెట్ల కింది డ్రైవర్లంతా మా బండి వైపు తిరిగారు. తర్వాత ఒకాయన మెల్లగా లేచి వచ్చి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఏమప్పా, వొంట్లో బాగుండాదా?"

"నేను తోల్లేదబ్బా," అన్నాడు నాయన. "మా పాప తోలింది, నోటితో."

అందరూ విరగబడి నవ్వారు. ఏం పాఠం, యాడ బడి అని అడిగారు. నాయన నన్ను దిగమన్నాడు. నాలుగు నిమిషాలుంది, ఒక లెక్క అడగమన్నాడు. మామూలుగా అయితే సీటు కిందికి దూరిపోయేదాన్ని. కానీ ముప్పై ఆరు నిమిషాలు మాట్లాడిన నోరు అది, ఇంకా వేడి తగ్గలేదు. దిగి, వెనక అద్దం మీది దుమ్ములో వేలితో గీశాను. లెక్క కోసం దారి ఇరవై కిలోమీటర్లు అనుకుందాం. ఎక్కేటప్పుడు గంటకు నలభైలో ఎక్కినారు, దిగేటప్పుడు గంటకు ముప్పైలో దిగినారు. మొత్తం మీద సగటు ఎంత?

ముప్పై అయిదు అన్నారు అందరూ ఒకే గొంతుతో. నాయన కూడా. ఇప్పుడు సూత్రం చెప్పి వాళ్లను ఆశ్చర్యపరచాలని నేను నోరు తెరిచాను. అంతలో అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు, చేతిలో నీళ్ల సీసా పట్టుకుని, కాదంటున్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"దిగేదానికి గదా మా ఎక్కువసేపు పట్టేది. ఆ ముప్పైలోనే ఎక్కువసేపు ఉంటాము. సగటు గూడా ఆ పక్కకే వాలతాది."

ఎక్కడానికి అరగంట, దిగడానికి నలభై నిమిషాలు. మొత్తం నలభై కిలోమీటర్లు, డెబ్భై నిమిషాలు. గంటకు ముప్పై నాలుగూ చిల్లర. ఆ సూత్రం నాకు పదో తరగతి నుంచి కంఠతా వచ్చు, పరీక్షల్లో ఎన్నోసార్లు దానికి మార్కులు తెచ్చుకున్నాను. సగటు ఎందుకు వాలుతుందో మాత్రం అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. పెద్దాయనకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. ఆయన కంగారుపడి నీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు. డ్రైవర్లు రెండు జట్లయి, అద్దం మీది అంకెలు చూస్తూ వాదులాడుకుంటున్నారు. మేం గేటు దాటేసరికి నలభై ఏడు నిమిషాలయింది. ఇన్నేళ్లలో నాయనకు అదీ మొదటిసారే.

గురువారం బడికి వెళ్లే ముందు నోట్సు అంచులో మూడు గుర్తులు గీసుకున్నాను. పది దగ్గర మోరీ, ఇరవై దగ్గర రాయి, ముప్పై దగ్గర ఊరు కనబడే మలుపు. హెడ్మిస్ట్రెస్ గారు మళ్లీ చివరి బెంచీలో కూర్చున్నారు. మొదలుపెట్టి, కాసేపటికి గడియారం చూస్తే ఏడు నిమిషాలు, నేను అప్పుడే మోరీ దాటేశాను. పాత రోగం. బోర్డు తుడవడానికి చెయ్యి డస్టరు వైపు పోయింది కూడా.

డస్టరు వదిలేసి, పిల్లల వైపు తిరిగి అడిగాను. ఈ రెండో ఆయన రెండు గంటలు ఆలస్యంగా ఎందుకు బయల్దేరాడు?

పుస్తకంలో అలాంటి ప్రశ్న లేదు కాబట్టి కొందరు ముందు పేజీలు తిప్పి వెతికారు. తర్వాత చేతులే చేతులు. నిద్ర లేవలేదట. టైరు పంక్చరట. టిఫిను తినందే వాళ్లమ్మ కదలనివ్వలేదట. ఇవన్నీ నా పద్నాలుగింటిలో ఉన్నవే. హెడ్మిస్ట్రెస్ గారి పక్కన, గోడకు అతుక్కుని కూర్చున్న ఒక పాప చెయ్యి భుజం దాకా ఎత్తి మళ్లీ దించేసుకుంది. ఆ ఎత్తడం నాకు బాగా తెలుసు. నువ్వు చెప్పమ్మా అన్నాను.

"సిగ్గు మేడం," అంది, వినబడీ వినబడకుండా. "ఇద్దరూ ఒకేసారి పోతే దారంతా ఆయనతో మాట్లాడాల గదా."

పదిహేనో కారణం. ఇన్నేళ్లూ నా చేతికి దొరకనిది. మరి పన్నెండింటికి హోటల్లో ఎదురెదురుగా కూర్చోక తప్పదు కదా, అప్పుడేం చేస్తాడు అని అడిగాను. ఆ పాప ఆలోచించి, అప్పటికి ఆకలేస్తాది గదా మేడం, మాట్లాడతాడులే అంది. క్లాసంతా ఘొల్లుమంది, ఆ పాప కూడా నవ్వింది. ఆ నవ్వులోనే ఎనభై కిలోమీటర్ల ఎడం, గంటకు ఇరవై చొప్పున తగ్గడం, నాలుగు గంటలు, అన్నీ వాళ్లే చెప్పేశారు.

తర్వాత కొండ లెక్క ఇచ్చాను. ముప్పై అయిదు, అని క్లాసంతా అరిచింది. కాదన్నాను. ఎందుకు కాదని గొడవ. సగంమంది నాన్నలో మామలో ఆ కొండ ఎక్కి దిగేవాళ్లే. వాళ్ల బండి నలభై నిమిషాల్లో ఎలా దిగుతుందో, చెట్ల కింద ఎవరెవరు ఆగుతారో తలా ఒకటి చెబుతున్నారు. నేను గడియారం సంగతే మరిచిపోయాను. దిగేదానికే ఎక్కువసేపు పడుతుంది కదా అని నేను పెద్దాయన మాట ఎత్తి, బోర్డు మీద డెబ్భై నిమిషాలు అని రాస్తుండగానే గంట కొట్టారు. జవాబు రాయనేలేదు. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. పదకొండు నిమిషాల్లో దిగిపోయినందుకు ఒక అవకాశం పోయింది, ఈసారి దిగనే లేదు, ఇక శుక్రవారం అక్కకు ఫోన్ చేయడమే అనుకున్నాను.

హెడ్మిస్ట్రెస్ గారు లేచి, బెంచీల మధ్య నుంచి నిదానంగా నడిచి వచ్చారు. బోర్డు వైపు చూశారు, నా నోట్సు అంచులోని మోరీని, రాయిని చూశారు. ఏమిటివని అడగలేదు.

"ముందే దిగితేనే గదమ్మా ఫైను, లేటుగా దిగితే ఏమీ లేదులే. సోమవారం తొమ్మిదింటికి వచ్చి, టీచర్ల రిజిస్టర్లో సంతకం పెట్టి, ఆ మిగిలిన సగం నిమ్మళంగా దించు."