‘ధ’ కొట్టేసి ‘ద’

ముప్పై ఆరేళ్లు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషాయన. వీధిలో ప్రూఫు తాతయ్య అనేవారు. శుభలేఖ చేతికిస్తే సంతోషమని చెప్పడం తరవాత, ముందు తప్పులు దిద్ది వెనక్కిచ్చేవాడు. ఆయన భార్య ఎర్రసిరాకి భయపడి పుట్టింటికి ఉత్తరాలు రాయడమే మానేసింది. మనిషి మంచివాడే, కాదనను. తప్పు కనబడితే మాత్రం చేయి ఊరుకోదు.

ఆ ఎన్నికల ముందు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకోవడంతో ఓటు కాగితం పోస్టులో ఇంటికే వచ్చింది. అందులో అభ్యర్థుల పేర్లు, పక్కన వాళ్ల వృత్తులు. ఆయన ఓటు డాక్టరమ్మకే. కూతురు ఆవిడ కోసం రెండు నెలలు కాళ్లరిగేలా ఇల్లిల్లూ తిరిగింది మరి. తీరా చూస్తే డాక్టరమ్మ పేరుకెదురుగా ‘వైధ్యురాలు’ అని అచ్చయింది. ఆయన ముందు ‘ధ’ కొట్టేసి, అంచున ‘ద’ రాసి, అప్పుడు టిక్కు పెట్టి కవరు అంటించాడు. కూడా వచ్చిన సూచనల కాగితం చదవకపోలేదు. అందులోనూ మూడు తప్పులు పట్టాడు. ఏం సూచించారన్నది మాత్రం బుర్రకెక్కలేదు.

లెక్కింపు రోజు పొద్దున్న టీవీలో ఎవరో చెప్పారు, ఓటరెవరో పోల్చుకునేలా కాగితం మీద ఏ రాత ఉన్నా ఆ ఓటు చెల్లదని. ఆయన చేతికొచ్చిన టీ ముట్టకుండానే పక్కన పెట్టేశాడు. మధ్యాహ్నానికి పార్లమెంటులో రెండు పక్షాలకీ సరిసమానంగా సీట్లొచ్చాయి. తేలాల్సింది వీళ్ల సీటొక్కటే. తేడా నూట పది, కాసేపటికి నలభై, ఆ తరవాత ఏడు. కూతురు డాక్టరమ్మ ఏజెంటుగా లెక్కింపు హాల్లో ఉంది, ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకున్నారు. ఆయన చేతికర్ర పట్టుకుని కుంటుతూనే వంటింటికీ వసారాకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. భార్య కూర్చోమని కసిరినా వినలేదు. మనసు మళ్లించుకుందామని పేపరు తీస్తే కంటికి ఒక్క తప్పూ ఆనలేదు. దాంతో భయం ఇంకా పెరిగింది.

నాలుగింటికి ఫలితం వచ్చింది. డాక్టరమ్మ ఒక్క ఓటుతో గెలిచింది. వీధంతా హోరెత్తింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. తన ఓటు చెత్తబుట్టలో పడ్డా కొంప మునగలేదన్నమాట. రోజంతా ముట్టని టీ అప్పుడు అడిగాడు.

చీకటి పడకముందే కూతురు వచ్చింది. మెళ్లో ఏజెంటు బిళ్ల ఇంకా వేలాడుతూనే ఉంది. గెలిచిన మనిషి ముఖం కాదది. తిన్నగా వచ్చి మంచం చివర కూర్చుని మెల్లగా చెప్పుకొచ్చింది. ఆఖర్న ఒక కాగితం దగ్గర పేచీ వచ్చిందట. టిక్కు డాక్టరమ్మకే, పక్కన ఒక అక్షరం దిద్ది ఉంది. అవతలి ఏజెంటు ఒప్పుకోలేదు. అధికారి కాగితం పైకెత్తి చూపించి, ఈ రాత ఎవరిదో ఎవరికైనా తెలుసా అని ఒక్కొక్కరినీ అడిగాడు.

“తెలీదన్నాను నాన్నా. అందరూ తెలీదన్నారు కాబట్టి చెల్లుతుందని రాసుకున్నారు. ఆ ఒక్కటే మెజారిటీ.”

కూతురి చిన్నప్పటి పుస్తకాల నిండా ఆ ‘ద’ ఆయన చేత్తో రాసిందే.

“అభ్యంతరాలేమైనా ఉంటే చెప్పడానికి రేపు పదింటిదాకా గడువుంది. వెళ్లి చెప్పేయమంటావా?”

చెబితే ఆ ఓటు చెల్లదు, ఇద్దరికీ సమానం, చీటీ తీస్తారు. ప్రభుత్వం ఎవరిదో ఆ చీటీయే తేలుస్తుంది. పిల్ల రెండు నెలల కష్టం ఏమవుతుందో ఎవరికి తెలుసు? తెలిసి తెలిసి ఏ తప్పునీ అచ్చుకి పంపలేదని తప్ప జీవితంలో ఆయన గర్వపడిందేమీ లేదు.

“వద్దులే అమ్మా,” అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.

నాన్న వెళ్లమంటాడనే నమ్మకంతో ఆమె చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చింది. ఇప్పుడు వంగి, ఒక్కొక్కటే విప్పింది.