కాలవలో కొట్టుకుపోయిన గ్రామఫోను మూత

శనివారం ఉదయం ఆరున్నరకి రాజమండ్రిలో పాసింజరు ఎక్కినప్పుడు నా దగ్గరున్న సామాను ఒక గుడ్డసంచి, మంచినీళ్ల సీసా, చుట్టచుట్టిన పాత దినపత్రిక. పత్రిక చదవడానికి కాదు. మా ఇంట్లో ఉన్న గ్రామఫోను పెట్టె మీద పరిచి, పైఅంచుకి సరిగ్గా కత్తిరించి తెచ్చాను. మడతబందుల మేకులు ఎక్కడ పడాలో పెన్సిలుతో చుక్కలు పెట్టాను. ఆ కాగితానికి అతికే మూత కావాలి నాకు.

గ్రామఫోను మా నాన్నగారిది. బల్లమీద పెట్టుకునే రకం. ముందు రెండు బుల్లి తలుపులు, పైన అంచులు చెక్కిన బరువైన మూత. పాతికేళ్లుగా పెట్టె ఉంది, మూత లేదు. మా అక్కయ్య భర్త, అంటే మా బావగారు, పెనుగొండలో పెళ్లికి ఆ పెట్టె పట్టుకెళ్లి మూత అక్కడే పారేసి వచ్చారని మా చుట్టాలందరికీ తెలుసు. ఆ మాట చెప్పింది నేను. అది అబద్ధం. అబద్ధం అందరికీ చేరింది గనక నిజం కూడా చేరాలని ఇది రాస్తున్నాను.

బావగారు పెట్టెని మూతతో సహా భద్రంగా తెచ్చి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు నా చేతికిచ్చారు. ఆ ఏడు వినాయకచవితికి మా వీధి కుర్రాళ్ల పందిట్లో పీట కరువైంది. ఆ మూత విప్పి నేలమీద పెడితే అచ్చం పీటే. నాన్నగారికి చెప్పకుండా తెచ్చి స్వామిని దానిమీద కూర్చోబెట్టాను. నిమజ్జనం నాడు పీట తీసేసి విగ్రహాన్ని నీళ్లలో వదలాలి. మేం హడావిడిలో పీటతోనే కాలవలో దింపేశాం. స్వామి మునిగాడు, మూత తేలింది. కాలవ నీళ్లు ఆపే లాకుల దాకా గట్టు మీద పరిగెత్తాను. నా కళ్లముందే అది లాకుల్లోంచి దూరి వెళ్లిపోయింది.

నాన్నగారు అడిగితే, బావగారు తెచ్చినప్పుడే మూత లేదన్నాను. ఆయన అల్లుణ్ణి పల్లెత్తు మాట అనలేదు, కాని మళ్లీ ఏ వస్తువూ ఎరువివ్వలేదు. పోనుపోను అది ఇంటిల్లిపాదికీ వేళాకోళమైపోయింది. ఏ పెళ్లిలో గంగాళం మీద మూత కనబడకపోయినా, "బావగారి సంచి వెతకండర్రా" అనేవారు. ఆయన నవ్వేసేవారు. పక్కనే కూర్చుని నేనూ నవ్వేవాణ్ణి.

నేను బయల్దేరిన శనివారానికి మర్నాడు, ఆదివారం, తణుకులో బావగారి షష్టిపూర్తి. చుట్టాలందరి ముందూ మూతున్న పెట్టె పెట్టి నిజం చెప్పేద్దామని నా ఆలోచన. రాజమండ్రిలో పాత బీరువాలు కొనే ఒకాయన, ఇలాంటి పెట్టె నరసాపురంలో చూశాననీ, లేసు టీచరమ్మ అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారనీ, ఆవిడ మాత్రం అమ్మదనీ చెప్పాడు.

నిడదవోలులో దిగి, ఇడ్లీ తిని, నరసాపురం బండి పట్టుకున్నాను. తణుకు స్టేషన్ వచ్చినప్పుడు, ప్లాట్‌ఫారం మీద బావగారు ఉంటారేమోనని కిటికీలోంచి తల లోపలికి తీసుకున్నాను. అత్తిలిలో ఎక్కిన అరటిగెలల ఆసామి నా కాగితం సంగతి అడిగి, విని, "పెళ్లికూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టి పెళ్లికొడుకు కోసం ఊళ్లు తిరుగుతున్నారన్నమాట" అన్నాడు. కొత్తమూత చేయించుకోవచ్చుగా అనీ అడిగాడు. చేయిస్తే అది కొత్తదని తెలిసిపోతుందన్నాను. అప్పటికి నా దగ్గరున్న జవాబు అదే.

పదిన్నరకి నరసాపురం. రిక్షా చర్చి వెనక వీధిలో ఆగింది. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు లేసు అల్లుతున్నారు. సుగుణమ్మ టీచరుగారు కళ్లద్దాలు సర్దుకుని నన్ను లోపలికి రమ్మన్నారు. గోడవారగా ఉందా పెట్టె. యంత్రం ఎప్పుడో పోయింది. లోపల తెల్లటి లేసు మడతలు. కాగితం పరిచాను. అంచుకి అంచు, మూలకి మూల కుదిరింది. పెన్సిలు చుక్కలు మేకుల మీదే పడ్డాయి.

"మూత మీరు పట్టుకుపోతే నా లేసు దుమ్ముకొట్టుకుపోదూ?" అన్నారావిడ.

అప్పుడు జరిగిందంతా చెప్పాను. పాతికేళ్లలో మొదటిసారి, ముక్కూమొహం తెలియని మనిషికి. ఆవిడ అల్లిక ఆపకుండా విన్నారు.

"మీ బావగారికి చెప్పారా?"

"లేదండి. రేపు మూత పెట్టి చెబుదామని."

"నేను ఇవ్వనంటే?"

కాగితం తీసి మళ్లీ చుట్ట చుట్టడం మొదలుపెట్టాను.

"వీధి చివర ఎస్టీడీ బూత్ ఉంది. చెప్పి రండి. మూత సంగతి తర్వాత చూద్దాం."

బూత్‌లో అద్దాల తలుపు వేసుకుని తణుకు నంబరు తిప్పాను. బావగారే ఎత్తారు. వినాయకుడు, కాలవ, లాకులు, నాన్నగారితో నేనన్న మాట, అన్నీ వరసగా చెప్పేశాను.

"అయితే నేను తెచ్చానన్నమాట," అన్నారు బావగారు.

"తెచ్చారు బావగారూ."

"అందరూ అంటుంటే నాకే అనుమానం పట్టుకుందిరా. నిజంగా పారేశానేమో అనుకున్నాను. పెనుగొండ వెళ్లినప్పుడు ఆ పెళ్లివారి అటకెక్కి కూడా వెతికాను." తర్వాత అడిగారు, "ఏ బండికి వస్తున్నావు?"

ఆ అటక సంగతి నాకు తెలియదు. తిట్టి ఉంటే బాగుండునని చాలాసేపు అనిపించింది.

తిరిగి వెళ్లేసరికి మూత విప్పి అరుగు మీద పెట్టి ఉంది. టీచరుగారు కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తున్నారు. చెప్పానా అని అడగలేదు. ఖాళీ పెట్టె మీద అప్పటికే ఒక లేసు గుడ్డ కప్పేశారు. డబ్బు ప్రసక్తి తెస్తే కసిరారు. "మీ బావగారికి నా నమస్కారాలు చెప్పండి" అన్నారంతే.

పాత పెట్టెలకి జత చెక్క వెతికేవారికి ఒక మాట. కొలతలు అంకెల్లో కాదు, కాగితం కత్తిరించి పట్టుకెళ్లండి. నరసాపురం ఒక్కరోజులో వెళ్లిరావచ్చు. స్టేషన్ దగ్గర చేపలపులుసు భోజనం తప్పక చెయ్యండి. నేను ఆ పూట రెండుసార్లు మారు వడ్డించుకుని తిన్నాను.

సాయంత్రం బండి తణుకులో ఆగేసరికి బావగారు ఇస్త్రీ పంచెతో ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. రాజమండ్రి టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చారు. పెట్టె మీద పెట్టి చూడందే నిద్రపట్టదన్నారు. మూత ఒళ్లో పెట్టుకుని చెక్కుడు అంచంతా వేలితో తడిమారు. ఏంటండీ అది అని అడిగినవాళ్లందరికీ, "మా గ్రామఫోను మూతండి. నేను పారెయ్యలేదు," అని చెప్పారు. అడగనివాళ్లకీ చెప్పారు. నావైపు తిరిగి, "మీ అక్కయ్యతో నేనొక్క ముక్క అనను. రేపు మైకులో నువ్వే చెప్పాలి" అన్నారు. సరేనన్నాను. చెప్పాను కూడా.

కొవ్వూరు దాటి బండి వంతెన ఎక్కింది. జనం చిల్లర నీళ్లలోకి విసిరి గోదారమ్మకి దణ్ణం పెట్టుకుంటున్నారు. నేనూ జేబులో చెయ్యి పెట్టి కిటికీ వైపు వంగాను. బావగారు మూతని రెండు చేతులా గుండెకి హత్తుకుని అవతలి పక్కకి జరిగారు.

"ముందు నువ్వు ఆ కిటికీ దగ్గర్నించి లే."