తెర మీది గొర్రెలు

చిన్నపిల్లలకు వెబ్‌సైట్లతో లెక్కలు ఎలా చెప్పాలో మా టీచర్లకు కుప్పంలో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. తిరిగొచ్చాక నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మదనపల్లెలో బస్సెక్కింది మొదలు పుంగనూరు దాటి మా పల్లె బడి చేరేదాకా ఫోనులో ఆ ఆటలే ఆడుతూ పోయేదాన్ని. ఒకరోజు ఆ ధ్యాసలో దిగాల్సిన చోటు దాటిపోయి, ఎండలో వెనక్కి నడిచాను.

మా బడికి వేలితో తాకితే పనిచేసే పెద్ద టీవీ వచ్చింది. హెడ్మాస్టరుగారు దానికి బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి, దుమ్ము పడకుండా తన తువ్వాలే కప్పారు. నెట్టు మాత్రం నా ఫోనుదే. ఆ ఫోనును కిటికీ అంచున నిలబెడితే తప్ప సిగ్నల్ వచ్చేది కాదు.

నేను చెప్పే రెండో తరగతిలో ఒక గొర్రెల కాపరి కూతురు ఉండేది. నోరు విప్పేది కాదు. లెక్క వేయమంటే నా మొహం చూసేది. లెక్కలు రాని పిల్లల్ని మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలని నేనే ఒక పద్ధతి పెట్టాను. ఆ తరగతిలో ఆమె తమ్ముడున్నాడు.

"వాని పక్కన కూసోను మేడం. ఊరంతా సెప్తాడు," అంది, కళ్లనీళ్లు పెట్టుకుని.

"అయితే రేపు టీవీ ఆటలో సరిగ్గా లెక్కపెట్టు, చూద్దాం," అన్నాను.

మర్నాడు తెర మీద పచ్చిక, పచ్చిక మీద పది గొర్రెలు. ఎన్నున్నాయో లెక్కపెట్టి ఆ అంకెను తాకాలి. పిల్ల ముందుకొచ్చి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా ఒక్కోదాన్నీ చూసి, ఒకటి నొక్కింది. తెర మీద పసుపు మొహమొకటి భోరుమని ఏడ్చింది. మళ్లీ చూసింది, మళ్లీ ఒకటే నొక్కింది. మూడోసారీ అంతే. తరగతి గొల్లుమంది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. కాగితం తీసి, ఒకటో తరగతికి పంపే జాబితాలో ఆమె పేరు రాసేశాను.

"ఇన్ని గొర్రెలు కళ్లముందుంటే ఒకటంటావేమే?"

"ఉండేది ఒగటే మేడం. సూడు, అన్నిటికీ ఎడం సెవే మడిసి ఉండాది. కంటి కింద మచ్చ గూడా అదే. ఒగదాన్నే మళ్లా మళ్లా నిలబెట్టుండారు."

కళ్లద్దాలు సర్దుకుని చూశాను. నిజమే. ఒక్క బొమ్మనే పదిచోట్ల అతికించారు. ఇన్నాళ్లుగా ఆ ఆటతో కాపురం చేస్తున్న నాకు అది కనబడనే లేదు.

"మీ ఇంట్లో ఎన్నున్నాయి?" గొంతు తగ్గించి అడిగాను.

"మూతి నల్లది, దాని పిల్ల, బొల్లిది, సెవి తెగింది, కుంటిది..." అంటూ అందుకుంది. సాయంత్రం దొడ్డి మూసేటప్పుడు వాళ్లింట్లో లెక్కపెట్టరట, మొహాలు చూస్తారట. ఏ మొహం కనబడకపోతే ఆ గొర్రె కోసం వెతకబోతారు. నేను వేళ్లు మడుస్తూ పోయాను. ముప్పై దాటాక నా లెక్క తప్పింది. ఆమె ఎక్కడా ఆగలేదు.

అంతా చెప్పాక అడిగింది: "ఈ ఆట సేసినోళ్లకు గొర్రెల్లేవా మేడం?"

"లేనట్టుందమ్మా."

"పాపం. వాళ్లకు పదే గావాలంటే పది నొక్కుతా."

నొక్కింది. తెర నిండా రంగుల బుడగలు ఎగిరాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె వాటి వైపు చూడనే లేదు. నా చేతిలోని కాగితాన్నే చూస్తూ నిలబడింది. పేరు కొట్టేశాను. అది చాలలేదు ఆమెకు. చేయి చాపి కాగితం తీసుకుంది, చిన్న చిన్న ముక్కలుగా చింపింది, తమ్ముడికి దొరక్కుండా గౌను జేబులో దాచుకుంది. ఆ జాబితాలో ఇంకో ఇద్దరి పేర్లున్నాయి. నేను ఆపలేదు.