బెంచీ మీద పక్కింటి పిల్ల

నా చిన్నప్పుడు నేను కడుపు మండేలా కుళ్ళుకున్నది ఎవరి పట్టుపావడానో చూసి కాదు. ఒక చెక్క బెంచీ మీద కూర్చున్న పక్కింటి పిల్లను చూసి.

మలయాలో సుంగై సిపుట్ అనే ఊరి దగ్గర రబ్బరు తోటలో ఉండేవాళ్ళం. తోట ఆసుపత్రి వరండాలో ఒకే బెంచీ. తెల్లదొరల ఇళ్ళవాళ్ళు, ఆఫీసు గుమాస్తాల ఇళ్ళవాళ్ళు తప్ప దాని మీద ఇంకెవరూ కూర్చోకూడదు. రబ్బరు చెట్లు గీసే మావాళ్ళు జ్వరంతో వణుకుతున్నా ఎండలో నిలబడాల్సిందే.

మా చిన్నమ్మ టీకొట్టు రేడియోలో తమిళ వార్తలు వినేది. అమెరికాలో నల్లవాళ్ళను హోటళ్ళలో తెల్లవాళ్ళ సరసన కూర్చోనివ్వరట. చదువుకునే పిల్లలు వెళ్ళి ఊరికే కూర్చుంటున్నారట, నెత్తిన చక్కెర పోసినా లేవరట, చెయ్యెత్తరట. నల్లవాళ్ళంటే మేమేననీ, అమెరికా అంటే ఏటి అవతలి తోట అనీ నేననుకున్నాను. ఆ మాటే చిన్నమ్మతో అంటే ఆవిడ నవ్వలేదు. "అవునే, మనవే" అంది.

ఆ బెంచీ మీద తాను కూర్చుంటాననీ, పక్కన ఒక పిల్ల కూడా ఉండాలనీ చిన్నమ్మ చెప్పింది. సొంత అక్క కూతుర్ని, ఇంకెవరిని తీసుకెళ్తుంది అని మురిసిపోయాను. కానీ పరీక్ష పెట్టింది. ఒక్కొక్కరినీ పెట్టె మీద కూర్చోబెట్టి, మిగతా పిల్లల చేత తిట్టించి, నీళ్ళు పోయించింది. ఒకడు నా జడ లాగగానే లేచి వాడి ముంజేతిని కొరికేశాను. పక్కింటి పిల్ల మాత్రం తడిసి ముద్దయినా కదల్లేదు. చిన్నమ్మ దాన్నే ఎంచుకుంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఊరికే అన్నారా!

పైగా నాకొక పని చెప్పింది. "నీ కోపం నిజం కోపం. ఆ పిల్లకి అలవాటు పడాల, నువ్వే తిట్టు" అంది. ఇక ఆగుతానా? దాని చప్పిడి ముక్కు మొదలు వాళ్ళ నాన్న తాగుడు దాకా ఏదీ వదల్లేదు. బురద నీళ్ళు కూడా పోశాను. అది పెదవి కొరుక్కుని కూర్చుందే గాని లేవలేదు. అందుకు ఇంకా ఒళ్ళు మండింది.

మర్నాడు చిన్నమ్మా, ఆ పిల్లా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. నేను ఎండలో నిలబడి చూశాను. మందులిచ్చే డ్రస్సరు అరిచాడు, దొరకు చెప్తానని బెదిరించాడు, బెంచీ కడగాలంటూ ఫినాయిలు నీళ్ళు ఆ పిల్ల ఒళ్ళోనే కుమ్మరించాడు. అది చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చుంది. అప్పుడు ఎండలో ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే వరండా ఎక్కారు. చోటు చాలక కొందరు నేల మీదే చతికిలబడ్డారు. చివరికి డ్రస్సరు విసిగిపోయి అక్కడికే మందులు తెచ్చి ఇచ్చాడు.

తర్వాత బెంచీనే తీయించేశారు. గుమాస్తాల భార్యలు కూడా నిలబడాల్సి వచ్చేసరికి వాళ్ళు దొర దగ్గర గోల పెట్టారు. కొత్త బెంచీలు వచ్చాయి. వాటి మీంచి ఎవరినీ లేవమన్నవాడు లేడు.

వాళ్ళు బెంచీ మీద కూర్చున్న రోజు సాయంత్రం ఇరుగుపొరుగంతా ఆ పిల్లను ముద్దు చేస్తుంటే నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఉండబట్టలేక పక్కకు లాగి, భయమెయ్యలేదేటని అడిగాను.

"నిన్న నువ్వన్న మాటల ముందల ఆడి అరుపులేటి లా?" అంది, మలయావాళ్ళ అలవాటుగా చివర 'లా' తగిలించి, ఏ కల్మషమూ లేకుండా.

పొగడ్తో దెప్పిపొడుపో తెలియక ఏడ్చేశాను. అది నా కళ్ళు తుడిచింది, అదీ నాకు నచ్చలేదు.

ఇప్పుడు ఈ దేశంలోనే బంటింగ్ అనే ఊళ్ళో మనవలతో ఉంటున్నాను. ఎవరైనా మాట తూలితే ఈ వయసులోనూ నాకు ముందు చెయ్యే లేస్తుంది. దాన్ని మళ్ళీ ఒళ్ళోకి దించుకుంటాను. నా మంచితనం కాదది. ఆ పిల్ల చేయగలిగింది నేను చేయలేనా అనే కుళ్ళు.