యాదన్న మెయిల్ కింద నేను తీసేసిన మాటలు

2023 వానాకాలం. శంషాబాద్ విమానాశ్రయంలో కార్గో టెర్మినల్‌కి వెళ్లే రోడ్డు మీద, విమానాల్లో వచ్చిన సరుకును విడిపించి ఇచ్చే ఒక కంపెనీలో నేను ఐటీ అడ్మినిస్ట్రేటర్‌ని. అంటే కంప్యూటర్లు, నెట్‌వర్కు, ఉద్యోగుల మెయిళ్లు నడిచేలా చూసేవాణ్ణి. అన్నీ సవ్యంగా నడుస్తుంటే నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. అందుకేనేమో, పదిమందికీ కనిపించే పని ఒకటి దొరికేసరికి నాకు అంత హుషారు వచ్చింది.

అది సిగ్నేచర్ల పని. మెయిల్ చివర పేరు, హోదా, ఫోన్ నంబరు ఉండే వరుసలనే ఈమెయిల్ సిగ్నేచర్ అంటారు. మా ఆఫీసులో ఎవరిష్టం వారిది. ఒకరు గులాబీ పువ్వు పెట్టుకుంటే, ఇంకొకరు ప్రమోషన్ వచ్చి ఏళ్లు గడిచినా పాత హోదానే ఉంచుకున్నారు. అన్నీ ఒక్కలా ఉండాలని మేనేజర్ గారు అన్నారు. నేనొక క్లౌడ్ సాఫ్ట్‌వేర్ తెచ్చాను. ఉద్యోగి పంపిన మెయిల్ ముందు ఆ సాఫ్ట్‌వేర్ సర్వర్‌కి వెళ్తుంది. అక్కడ మేం తయారుచేసి పెట్టిన టెంప్లేట్, అంటే నమూనా సిగ్నేచర్, దాని కింద అతుక్కుంటుంది. ఆ తర్వాతే అవతలివారికి చేరుతుంది. నేను ఒక్కచోట మారిస్తే ఆఫీసంతా మారిపోతుంది. అడుగున బ్యానర్, అంటే చిన్న ప్రకటన బొమ్మ కూడా పెట్టవచ్చు.

సిగ్నేచర్ దారిలో అతుక్కుంటుంది కాబట్టి పంపినవారి ‘సెంట్’ ఫోల్డర్‌లో అది కనిపించదు. చదివేవారికే కనిపిస్తుంది. ఉద్యోగులు వేలు పెట్టే వీలుండదని, అదే దీని గొప్పదనమని మీటింగులో చెప్పి మెప్పు పొందాను.

దిగుమతి విభాగంలో యాదగిరి అని ఒకాయన ఉండేవాడు. జల్‌పల్లి నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. నాకంటే పెద్దవాడు, అందరికీ యాదన్న. గల్ఫ్‌లో చనిపోయినవారి శవపేటికలు మన ఊళ్లకు కార్గోలోనే వస్తాయి. వాటి కాగితాలు చూసి, కస్టమ్స్ దాటించి, కుటుంబానికి అప్పగించే పని ఆయనది. యాదన్న సిగ్నేచర్ తెలుగులో, ఎర్ర రంగులో ఉండేది: ‘ప్రయాణికుల వైపు పోవద్దు. కార్గో గేటు దగ్గరికి రండి. ఒరిజినల్ ఆధార్ తెచ్చుకోండి. ఎవరికీ పైసలు ఇవ్వొద్దు. నాకు ఫోన్ చేయండి.’ కింద ఆయన సొంత మొబైల్ నంబరు.

నాకది గోడమీద రాత లాగా కనిపించింది. తీసేశాను.

తీసేస్తున్నప్పుడు ఆయన నా సీటు దగ్గరికి వచ్చాడు.

“ఏంది తమ్మీ, అందరికి ఒక్క కొలతల అంగీ కుట్టిస్తున్నవంట? నా బొజ్జకు పడ్తదా?”

“పడుతుంది యాదన్నా. ఇక నువ్వు కింద ఏమీ టైప్ చేయొద్దు, అదే వస్తుంది.”

“నేను రాసుకున్నది ఉంటది గదా?”

“అన్నీ అందులోనే ఉంటాయి” అన్నాను, స్క్రీన్ మీది నుంచి కళ్లు తిప్పకుండా. ఏవి ఉంటాయో నేనే చూడలేదు. కంపెనీ లోగో, ఆయన పేరు, హోదా, కాల్ సెంటర్ నంబరు ఉన్నాయి. వాటి కింద, పండుగ కానుకలు పంపేవారి కోసం మార్కెటింగ్ వాళ్లు ఇచ్చిన బ్యానర్. అందులో గిఫ్టు పెట్టె పట్టుకుని నవ్వుతున్న ఒక కుటుంబం. పక్కనే ‘సంతోషాన్ని మీ ఇంటికి చేరుస్తాం’ అన్న మాట.

కొన్నాళ్లకు నిజామాబాద్ వైపు ఒక పల్లెకు చెందినాయన శవం దుబాయ్ నుంచి వచ్చింది. ఎయిర్‌వే బిల్లు, అంటే విమానంలో వచ్చే సరుకుకి రసీదు లాంటి కాగితం, యాదన్న ముందురోజే కుటుంబానికి మెయిల్ చేశాడు. కాగితాల్లో ఇంటివాళ్ల నంబరు అని ఉన్నదానికి ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది. అది చనిపోయినాయన సొంత నంబరేనని తర్వాత తెలిసింది. మెయిల్‌లో తన నంబరు ఉంది కదా, వాళ్లే చేస్తారని ఆయన ధీమా. ఎప్పుడూ అలాగే జరిగేది.

వాళ్లు పొద్దున్నే అంబులెన్స్‌తో వచ్చారు. ఆయన్ని దుబాయ్‌కి సాగనంపినప్పుడు చూసిన ప్రయాణికుల టెర్మినల్ ఒక్కటే వాళ్లకు తెలుసు. నేరుగా ప్రయాణికులు బయటికి వచ్చే చోటికి వెళ్లి నిలబడ్డారు. ఊళ్లో పాడె కట్టి ఉంది. పొద్దుగూకితే దహనం చేయరు కాబట్టి వెలుగుండగానే ఊరు చేరాలి. మెయిల్‌లోని నంబరుకి ఫోన్ చేస్తే, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ రికార్డు చేసిన గొంతు పలికింది. అంబులెన్స్‌ని అక్కడ ఆగనివ్వక పోలీసులు తిప్పి పంపుతూనే ఉన్నారు. చివరికి ఒక ట్యాక్సీ డ్రైవర్ “శవాలు ఇటు రావు అన్నా, కార్గోల అడుగుండ్రి” అని చెబితే మా గేటుకి వచ్చారు. అప్పటికి మధ్యాహ్న భోజనాల వేళ దాటింది. పొద్దుటి నుంచీ యాదన్న ఆ గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు.

కస్టమ్స్ పని నడుస్తుండగా ఆయన ఒక కాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు. వెనకే చనిపోయినాయన బావమరిది మల్లేశ్. ఊళ్లో జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకున్న మెయిల్ అది. రంగుల్లో తీశారు.

“ఏంది తమ్మీ ఇది? నేను గిట్ల పంపలే. నా సెంట్ల జూసిన, కింద ఏం లేదు.”

నేను కాగితం చూశాను. అడుగున నేను పెట్టిన బ్యానరే, గిఫ్టు పెట్టెతో నవ్వుతున్న ఆ కుటుంబం.

“ఎవరు పెట్టిన్రు సారూ ఈ బొమ్మ?” అన్నాడు మల్లేశ్. కోపంగా అడగలేదు. “మా అక్కకు సదువు రాదు. బొమ్మ జూసి, వీళ్లెందుకు నవ్వుతున్నరురా అనడిగింది. ఏం జెప్పాలె?”

నేనే పెట్టానని చెప్పాల్సిన సమయం అదే. ‘అది సిస్టమ్‌లో...’ అని మొదలుపెట్టి ఆగిపోయాను. నా ముఖం చూసి యాదన్నే అందుకున్నాడు.

“కంప్యూటర్ పెట్టింది బాపూ. మనుషులెవ్వలు పెట్టలే. పా, కాగితాలయిపోయినయ్, సంతకం జేద్దువు.”

ఆ మాట చాటున నేను నిలబడిపోయాను. కిటికీలోంచి చూస్తే అంబులెన్స్ మెట్టు మీద మల్లేశ్ అక్క కూర్చుని ఉంది. కిందికి వెళ్లలేదు.

వాళ్లు చీకటి పడ్డాకే ఊరు చేరారని, పెట్టె తెల్లారేదాకా ఇంటి ముందు టెంటు కిందే ఉందని మర్నాడు యాదన్న చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. “నా పాత రాత యాడన్న ఉన్నదా, తీసిపారేసినవా?” అని మాత్రం అడిగాడు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో రూల్ అని ఒకటి ఉంటుంది. ఫలానా విభాగానికి ఫలానా టెంప్లేట్ అని విడిగా పెట్టుకోవచ్చు. యాదన్న మెయిళ్లకు బ్యానర్ తీసేసి, ఆయన వాక్యాలు, ఆయన నంబరు పెట్టడానికి నాకు ఒక టీ తాగేంత సమయం కూడా పట్టలేదు. ముందే ఆయన మాట విని ఉంటే అప్పుడూ అంతే పట్టేది. నన్ను ఇప్పటికీ బాధించేది అదే.

కర్మకాండలు ముగిసి ఉంటాయనుకున్నాక మల్లేశ్‌కి ఫోన్ చేశాను. ఆ బొమ్మ పెట్టింది కంప్యూటర్ కాదని, నేనేనని, యాదన్న అడిగినా వినిపించుకోలేదని, ఆ రోజు ఎదురుగా నిలబడి కూడా చెప్పలేకపోయానని చెప్పి, క్షమించమన్నాను.  అటువైపు ఎక్కడో మేక అరిచింది.

“నాకు ఎరుకే సారూ” అన్నాడు. “నీ మొఖం జూసినప్పుడే తెలిసింది. మాఫీ సంగతి మా అక్కను అడగాలె, నేనిచ్చేది గాదు. గని ఒక్క పని జెయ్యి. గా నంబరుకు మనిషి ఎత్తాలె. మా ఊరోళ్లు ఇంకా శానమంది దుబాయ్‌లనే ఉన్నరు.”

ఆ అక్కతో మాట్లాడే ధైర్యం నాకు ఈనాటికీ రాలేదు.

ఇప్పుడు ఏ టెంప్లేట్ మార్చినా, ముందు బయటి మెయిల్‌కి ఒకటి పంపుకుంటాను. దాన్ని ప్రింట్ తీసి, ఆ విభాగంలో పనిచేసేవారి పక్కన కూర్చుని, అది ఎవరి చేతికి వెళ్తుందో అడిగి తెలుసుకుంటాను. యాదన్న సెలవు పెట్టినప్పుడు ఆయన ఫోన్ కాల్స్ నా మొబైల్‌కి వచ్చేలా పెట్టుకున్నాను. మొదటి రింగుకే ఎత్తుతాను. “యాడికి రావాలె?” అని అడుగుతారు. “కార్గో గేటు దగ్గరికి రండి, నేను అక్కడే ఉంటాను” అని చెప్పి, కిందికి దిగి గేటు దగ్గర నిలబడతాను.